అంబాసిడర్ ఇంజన్ విప్పినప్పుడు ఆయిల్ కోసం దేనికి ఖర్చు పెట్టాలి, దేనికి అక్కర్లేదు

పాత అంబాసిడర్ ఇంజన్ బోరుకి వచ్చి (సిలిండర్లు అరిగి మళ్ళీ కోయించాల్సి వచ్చి) షెడ్డులో బల్ల మీదికి ఎక్కిందంటే తలా ఒక సలహా ఇస్తారు. "పెద్ద ఆయిల్ పంపు వేయించండి" అని ఒకరు, "రిలీఫ్ వాల్వ్ స్ప్రింగ్ వెనక వాషరు పెడితే ప్రెషర్ అదే వస్తుంది" అని ఇంకొకరు. (రిలీఫ్ వాల్వ్ అంటే ప్రెషర్ మించితే తెరుచుకుని ఆయిల్‌ని వెనక్కి వదిలే వాల్వ్.) ఇంటర్నెట్ తెరిస్తే స్పిన్ ఆన్ (డబ్బాలా తిప్పి బిగించే) ఫిల్టర్ అడాప్టర్లు, ఆయిల్ కూలర్లు, రాకర్లకు (ఇంజన్ పైన వాల్వులను నొక్కి తెరిచే మీటలకు) బయటి నుంచి వేసే పైపులు, ఆయిల్‌లో కలిపే జింక్ సీసాలు. అన్నీ కొనేంత డబ్బు చాలామంది దగ్గర ఉండదు. ఉన్నా అన్నీ వేయకూడదు. వాటిలో ఒకటి రెండు ఇంజన్‌కి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయి.

నేను రాస్తున్నది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ గురించి. బ్రిటన్‌లో బీఎంసీ కంపెనీ బీ సిరీస్ పేరుతో తయారుచేసిన ఇంజన్ ఇది. ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్ళు దశాబ్దాల పాటు దీన్నే అంబాసిడర్‌లో పెట్టారు. తర్వాత వచ్చిన ఇసుజు 1800 ఇంజన్ బండ్లకు ఈ కొలతలు వర్తించవు. 1489 సీసీ ఇంజన్ ఉన్న ఎంజీఏ, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ బండ్లవాళ్ళకు మాత్రం దాదాపు అంతా పనికొస్తుంది.

మా ఇంట్లో 1984 మార్క్ 4 ఉంది, నాన్నగారు కొన్న బండి. మొదటిసారి ఇంజన్ చేయించినప్పుడు కొత్త పిస్టన్లు, కొత్త బేరింగులు, కొత్త ఆయిల్ పంపు, ఏదీ తక్కువ చేయలేదు. కొన్నాళ్ళకే రాజమండ్రి నుంచి విజయవాడ వెళ్తుంటే ఏలూరు దాటాక కింది నుంచి టకటక మొదలైంది. చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పి చూస్తే, మూడో సిలిండర్ బిగ్ ఎండ్ షెల్ (కనెక్టింగ్ రాడ్ ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌ని పట్టుకునే చోట ఉండే బేరింగు రేకు) మీద గోటితో గీరినట్టు నాలుగు చారలు. ఒక చార చివర, బూడిద రంగు మెత్తటి లోహంలో కూరుకుపోయి, ఇనుప రజను పలుకు ఒకటి మెరుస్తోంది. బోరు కొట్టినప్పుడు పుట్టిన రజను అది. బ్లాకు లోపలి ఆయిల్ దారుల్లో ఉండిపోయి, ఇంజన్ తిరగగానే ఆయిల్‌తో పాటు బేరింగుకు చేరింది. ఫిల్టర్ దాటాక ఉన్న దారిలో దాక్కుంది కాబట్టి ఫిల్టర్ కూడా ఏమీ చేయలేకపోయింది. ఆ షెల్ ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది. కింద రాసిన ఎంపికలన్నీ ఆ షెల్‌ని చూశాక నేర్చుకున్నవే.

ఆయిల్ ఏ దారిన పోతుంది

చాంబర్‌లో ఉన్న ఆయిల్‌ని పంపు జాలీ గుండా లాగుతుంది. పంపుని తిప్పేది క్యామ్‌షాఫ్ట్, అంటే వాల్వులను తెరిపించే ఇరుసు. అక్కడి నుంచి రిలీఫ్ వాల్వ్ దగ్గరికి, ఫిల్టర్‌కి, ఆ తర్వాత బ్లాకు పొడవునా ఉండే మెయిన్ గ్యాలరీకి వెళ్తుంది. గ్యాలరీ నుంచి క్రాంక్‌ని మోసే మూడు మెయిన్ బేరింగులకు, క్రాంక్ లోపలి రంధ్రాల ద్వారా నాలుగు బిగ్ ఎండ్లకు, ఇంకో పక్క మూడు క్యామ్ బేరింగులకు, అన్నిటికంటే చివర హెడ్ మీదున్న రాకర్ షాఫ్ట్‌కి.

గోదావరి కాలువల కింద సేద్యం చేసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. మధ్యలో గండ్లు పడితే, లాకుల దగ్గర ఎంత నీరు వదిలినా శివారు పొలానికి అందదు. ఈ ఇంజన్‌లో రాకర్ షాఫ్ట్ శివారు పొలం. అరిగిన బేరింగులు గండ్లు. పంపు తోసేది ఆయిల్‌ని మాత్రమే. ఆ ఆయిల్ బయటికి కారిపోకుండా బేరింగుల దగ్గర అడ్డుకునే ఇరుకు ఉంటేనే ప్రెషర్ పుడుతుంది. బేరింగులో ఖాళీ రెట్టింపయితే అక్కడి నుంచి కారిపోయే ఆయిల్ సుమారు ఎనిమిది రెట్లవుతుంది, ఎందుకంటే లీకు ఖాళీ ఘనాన్ని బట్టి పెరుగుతుంది. రెండు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఉండాల్సిన చోట నాలుగు థౌ ఉన్న ఇంజన్‌కి ఏ పంపూ సరిపోదు.

క్రాంక్: పాలిష్ చాలా, గ్రైండింగ్ చేయించాలా

మొదటి పెద్ద నిర్ణయం ఇదే. పాలిష్ చేసి పాత సైజు బేరింగులే వేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. గ్రైండింగ్ చేయిస్తే 10 థౌ చిన్న సైజు బేరింగులు కొనాలి, లేత్ ఖర్చు అదనం. ఎటు వెళ్ళాలో మైక్రోమీటర్ చెప్పాలి, కంటిచూపు పనికిరాదు. ఒక్కో జర్నల్‌ని (బేరింగులో తిరిగే క్రాంక్ భాగాన్ని) నాలుగు చోట్ల కొలిపించండి: రెండు అంచుల దగ్గర, ఒక్కో అంచు దగ్గర నిలువుగా, అడ్డంగా. ఈ కొలతల మధ్య తేడా ఒక థౌకి దగ్గరగా వస్తోందంటే గ్రైండింగే. గోరు పెట్టి లాగితే తగిలే గీత ఒక్కటున్నా గ్రైండింగే. జర్నల్ గుండ్రంగా, నున్నగా ఉంటే పాలిష్ హాయిగా చాలు. బాగున్న క్రాంక్‌ని ఊరికే గ్రైండింగ్‌కి ఇస్తే రేపటికి మిగలాల్సిన ఒక సైజు ఈరోజే పోతుంది.

గ్రైండింగ్ చేయిస్తే ముందు బేరింగులు కొని చేతిలో పెట్టుకుని లేత్‌కి వెళ్ళండి. సైజు రాసిన కాగితం ఇస్తే సరిపోదు, షెల్స్ ఇవ్వాలి. మార్కెట్లో దొరికే లోకల్ షెల్స్ మందంలో తేడాలుంటాయి. వాటిని కొలిచి, వాటికి తగ్గట్టు క్రాంక్‌ని దించే మేస్త్రి దొరికితే అదృష్టమే. జర్నల్ అంచుల్లో ఉండే గుండ్రటి వంపు పోకుండా చూడమని కూడా చెప్పాలి. ఆ వంపు నిటారు మూలగా మారితే క్రాంక్ అక్కడే విరుగుతుంది.

బిగించేటప్పుడు ప్లాస్టిగేజ్ వాడండి. సన్నటి మైనపు దారం లాంటిది, షెల్‌కీ జర్నల్‌కీ మధ్య పెట్టి, క్యాపుని టార్క్ రెంచితో పూర్తిగా బిగించి, మళ్ళీ విప్పి చూస్తే దారం ఎంత వెడల్పున నలిగిందో కనిపిస్తుంది. ప్యాకెట్ మీదున్న స్కేలుతో పోలిస్తే ఖాళీ తెలుస్తుంది. జర్నల్ వ్యాసం అంగుళానికి ఒక థౌ అన్నది పాత లెక్క. ఈ ఇంజన్ మెయిన్ జర్నల్ రెండు అంగుళాలు, అంటే రెండు థౌ దగ్గర, మిల్లీమీటర్లలో 0.05. అంతకంటే కొంచెం తక్కువున్నా మంచిదే. మూడు దాటితే మాత్రం ఒప్పుకోకండి.

క్యామ్ బేరింగులు ఎవరూ అడగరు

చాలా షెడ్లలో వదిలేసేది ఇదే. క్యామ్‌షాఫ్ట్ బ్లాకులో మూడు వైట్ మెటల్ బేరింగుల మీద తిరుగుతుంది. అవి బ్లాకులోనే నొక్కి ఉంటాయి కాబట్టి కంటికి కనబడవు, "ఇవి బాగానే ఉంటాయి సార్" అని దాటేస్తారు. మెయిన్లు, బిగ్ ఎండ్లు కొత్తవి వేసినా వేడెక్కాక ప్రెషర్ పడిపోయే ఇంజన్లలో నేను ముందు అనుమానించేది వీటినే. రాకర్‌కి వెళ్ళాల్సిన ఆయిల్ ఇక్కడే కారిపోతుంది.

వీటిని మార్చడం అందరూ చేయగల పని కాదు. పాతవి లాగి, కొత్తవి ఆయిల్ రంధ్రాలు కలిసేలా నొక్కి, మూడింటినీ ఒకే వరసలో రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి కోసే పనిముట్టుతో) సైజు చేయాలి. రంధ్రం కాస్త పక్కకు జరిగినా ఆయిల్ దారి మూసుకుపోతుంది. ఆ రీమర్ ఉన్న వర్క్‌షాప్ మీ ఊళ్ళో లేకపోతే బ్లాకుని హైదరాబాద్‌కో చెన్నైకో లారీ పార్సిల్‌లో పంపాల్సి వచ్చినా పంపండి. ఆయిల్ కూలర్‌కి పెట్టే డబ్బు ఇక్కడ పెట్టండి.

పంపు, స్ప్రింగు

పంపుల్లో రోటర్ రకం, గేర్ రకం రెండూ తిరుగుతున్నాయి. రెండూ సరైన కొలతల్లో ఉంటే దీనికి ఏదైనా చాలు. రోటర్ పంపుని కొలవడం తేలిక, అందుకే నాకు అదంటే ఇష్టం. మూత తీసి స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి ఫీలర్ గేజ్ దూరిస్తే, రోటర్ల పైభాగానికీ స్కేలుకీ మధ్య 5 థౌ దాటకూడదు. లోపలి రోటర్ కొనకూ బయటి రోటర్‌కూ మధ్య 6 థౌ, బయటి రోటర్‌కూ బాడీకీ మధ్య 10 థౌ. ఇవి బీఎంసీ వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పే గరిష్ఠ పరిమితులు. ఈ లోపల ఉంటే పాత పంపే ఉంచుకోవచ్చు. మూత మీద గుండ్రంగా అరిగిన గుర్తు పడి ఉంటే, అద్దం పలక మీద సన్న ఎమరీ కాగితం పరిచి, ఆయిల్ చుక్క వేసి, మూతని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ నున్నగా చేయండి. గంట పని. మంచి కంపెనీ పాత పంపు, కొలతలు సరిగా ఉన్నది, పేరు తెలియని కొత్త పంపు కంటే మేలు. కొత్తది కొన్నా విప్పి ఇవే కొలతలు చూశాకే బిగించండి.

ఎక్కువ ఆయిల్ తోసే పెద్ద పంపు గురించి: వీధిలో తిరిగే అంబాసిడర్‌కి అక్కర్లేదు. ఖాళీలు సరిగా ఉన్న ఇంజన్‌లో మామూలు పంపు తోసే ఆయిల్‌లోనే కొంత రిలీఫ్ వాల్వ్ నుంచి వెనక్కి పోతుంది. పెద్ద పంపు వేస్తే వెనక్కి పోయేది పెరుగుతుంది, పంపుని తిప్పే పళ్ళ మీద భారం పెరుగుతుంది, ఆయిల్ ఇంకాస్త వేడెక్కుతుంది. అంతే.

స్ప్రింగ్ వెనక వాషరు అయితే అసలు వద్దు. రిలీఫ్ వాల్వ్ తెరుచుకునేది ప్రెషర్ ఎక్కువైనప్పుడు. వేడి ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు అది ఎలాగూ మూసే ఉంటుంది. అప్పుడు పది పిఎస్ఐ (ప్రెషర్ కొలత) చూపిస్తున్న ఇంజన్, వాషరు పెట్టాక కూడా పదే చూపిస్తుంది. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు మాత్రం గేజ్ ముల్లు ఇంకా పైకి వెళ్తుంది, ఆ ప్రెషర్‌కి ఫిల్టర్ రింగులు, పైపులు తట్టుకోవాలి. అమ్మేముందు గేజ్ బాగుందని చూపించడానికి పనికొచ్చే పద్ధతి ఇది, ఇంజన్‌కి కాదు. స్ప్రింగ్ పాతబడితే అదే కొలత కొత్తది వేయండి. వాల్వ్ కూర్చునే చోట గీతలు, మురికి లేకుండా శుభ్రం చేయండి. చాలాసార్లు ప్రెషర్ రాకపోవడానికి ఆ సీటు మధ్య ఇరుక్కున్న చిన్న పలుకే కారణం.

గ్యాలరీ ప్లగ్గులు తీయించడం

పైన చెప్పిన షెల్ కథ అంతా దీని గురించే. బ్లాకుని కిరోసిన్‌తో కడిగి గాలి కొట్టడం ఒక పద్ధతి. గ్యాలరీ చివరల ప్లగ్గులు తీసి, లోపల బ్రష్ తిప్పి కడగడం రెండో పద్ధతి. మొదటిది అరపూట పని, రెండోది రోజున్నర. ఈ రెండిటి మధ్య నాకు ఎంపికే లేదు, రెండోదే.

ఎందుకంటే గ్యాలరీ పొడవాటి సొరంగం. చివర ప్లగ్గు ఉన్నంతకాలం అది మూసుకున్న సందు. దశాబ్దాల మడ్డి, బోరు రజను, హోనింగ్ రాయి పొడి అన్నీ ఆ చివర పేరుకుంటాయి. గాలి కొడితే పక్క రంధ్రాల నుంచి బయటికి వస్తుంది, ఆ చివరి రెండంగుళాలు అలాగే ఉంటాయి. మా బ్లాకుని రెండోసారి విప్పినప్పుడు ప్లగ్గు తీసి సన్నటి సీసా బ్రష్ దూరిస్తే, నల్లటి మైనం లాంటిది ముద్దగా వచ్చింది. వేళ్ళ మధ్య నలిపితే ఇసుకలా గరగరలాడింది.

నొక్కి కూర్చోబెట్టిన ప్లగ్గులు ఉంటే వాటికి రంధ్రం వేసి లాగాలి. తర్వాత అదే చోట మరలు కోయించి, ఆలెన్ కీ తో బిగించే స్క్రూ ప్లగ్గులు వేయిస్తే మళ్ళీ విప్పినప్పుడు తేలిగ్గా తీసి కడగొచ్చు. స్క్రూ మరీ లోపలికి వెళ్ళి పక్క రంధ్రాన్ని మూయకుండా పొడవు చూసి కోయించండి. క్రాంక్ లోపలి రంధ్రాలకూ ఇదే శ్రద్ధ కావాలి. గ్రైండింగ్ నుంచి వచ్చిన క్రాంక్‌ని నేరుగా బిగించకండి. ప్రతి రంధ్రంలో బ్రష్ తిప్పి, కిరోసిన్ పోసి, అటు నుంచి టార్చ్ వేసి ఇటు నుంచి చూడండి. చివరగా బ్లాకుని వేడి సబ్బునీళ్ళతో రుద్ది కడిగి, వెంటనే ఆరబెట్టి, బోర్లకు ఆయిల్ రాయాలి. తెల్లటి బనియన్ గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి, బూడిద రంగు అంటుతుంటే మళ్ళీ కడగండి. కాటన్ వేస్ట్‌తో తుడవకండి, దాని పోగులు దారులకు అడ్డం పడతాయి.

ఇక్కడే ఇంకో మాట. చాంబర్ బిగించేటప్పుడు సిలికాన్ పేస్టు ధారగా పోసే అలవాటు చాలామందికి ఉంది. బయటికి ఉబికినంతే లోపలికీ ఉబుకుతుంది. ఆ తాడు తెగి ఆయిల్‌లో పడితే పంపు జాలీకి అతుక్కుంటుంది. మంచి కార్క్ ప్యాకింగ్, మూలల్లో మాత్రం చుక్క పేస్టు చాలు.

రాకర్ షాఫ్ట్: కొత్తదా, బయటి పైపా

పైన టాపెట్ శబ్దం తగ్గట్లేదని, రాకర్‌కి గ్యాలరీ నుంచి విడిగా ఒక పైపు వేయించుకునేవాళ్ళున్నారు. ఆ పైపు పైకి ఆయిల్ బాగానే తీసుకెళ్తుంది. అయితే ఆ ఆయిల్ మెయిన్లకు, బిగ్ ఎండ్లకు వెళ్ళాల్సిన వాటాలోంచే పోతుంది. పైన ఎక్కువైన ఆయిల్ వాల్వ్ గైడ్ల పక్క నుంచి దిగి కాలి, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది.

రాకర్‌కి ఆయిల్ అందకపోవడానికి మామూలు కారణం రెండే. ఒకటి, షాఫ్ట్ లోపల మడ్డి గట్టిపడి రంధ్రాలు మూసుకుపోవడం. రెండు, షాఫ్ట్, బుష్‌లు అరిగి మొదటి రెండు రాకర్ల దగ్గరే ఆయిల్ కారిపోవడం. షాఫ్ట్ కింది వైపు వేలు నడిపితే మెట్లు తగులుతాయి. అలా ఉంటే షాఫ్ట్, బుష్‌లు కొత్తవి వేయండి. అరిగిన వైపు పైకి వచ్చేలా షాఫ్ట్‌ని తిప్పి బిగించే కిటుకు ఒకటుంది, దాంతో ఆయిల్ రంధ్రాలు భారం పడే వైపు నుంచి తప్పుకుంటాయి కాబట్టి అది వద్దు. అరుగుదల లేకపోతే షాఫ్ట్ చివరి స్క్రూ ప్లగ్గు తీసి లోపల శుభ్రం చేస్తే చాలు.

ఫిల్టర్

గిన్నెలో కాగితం ఎలిమెంట్ పెట్టే పాత పద్ధతి, అడాప్టర్ వేసి స్పిన్ ఆన్ ఫిల్టర్ తగిలించే కొత్త పద్ధతి. వడపోతలో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్పిన్ ఆన్‌లో ఉండే చిన్న రబ్బరు వాల్వ్ బండి ఆగాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపుతుంది, అందుకే పొద్దున్నే ప్రెషర్ త్వరగా వస్తుంది. మార్చడమూ శుభ్రంగా, తొందరగా అవుతుంది. రోజూ నడిపే బండికి స్పిన్ ఆన్ వేయమంటాను. విప్పకముందు ఎలా ఉందో అలాగే ఉంచాలనుకునే బండికి గిన్నె బాగుంటుంది.

గిన్నె ఉంచుకుంటే ఒక జాగ్రత్త. పైన గాడిలో ఉండే రబ్బరు రింగు పాతబడి గట్టిపడి లోహంలాగే కనిపిస్తుంది. దాన్ని తీయకుండా మీద ఇంకో కొత్త రింగు వేసేవాళ్ళు ఎందరో. ఒకసారి నేను గాడిలోంచి సూదితో లాగితే ఒకదాని కింద ఒకటి మూడు రింగులు వచ్చాయి. అలా పేరుకుంటే గిన్నె సరిగా కూర్చోదు, రోడ్డు మీద ఒక్కసారిగా ఆయిల్ అంతా కారిపోతుంది.

ఏ ఆయిల్

ఇక్కడ నిజంగా పోల్చి చూడాల్సిన విషయం ఉంది. బీఎంసీ ఇంజన్‌లో క్యామ్ నేరుగా చదునైన టాపెట్ (వాల్వుని కదిలించే దిమ్మ) మీద రాపాడుతుంది, మధ్యలో రోలర్ లేదు. ఆ రాపిడి దగ్గర లోహాన్ని కాపాడేది ఆయిల్‌లో కలిపే జింక్, ఫాస్ఫరస్ రసాయనం. కొత్త కార్లలో పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ పాడవకూడదని 2004లో వచ్చిన ఏపీఐ ఎస్‌ఎం అనే ఆయిల్ ప్రమాణం నుంచి, 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి గ్రేడుల్లో ఫాస్ఫరస్‌ని 0.08 శాతానికి పరిమితం చేశారు. 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి గ్రేడులకు ఆ పరిమితి లేదు. ఈ ముక్క తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

5డబ్ల్యూ-30 సింథటిక్ ఖరీదైనది కాబట్టి మంచిదని పోయకండి. పల్చదనం ఈ ఖాళీలకు సరిపోదు. పైగా క్రాంక్ వెనక వైపు ఇంజన్‌కి రబ్బరు సీలు లేదు, ఆయిల్‌ని వెనక్కి నెట్టే మరల లాంటి గాడి మాత్రమే ఉంది. పల్చటి ఆయిల్ అక్కడి నుంచి క్లచ్ మీదికి కారుతుంది. బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) మూసుకుపోయినా ఇదే జరుగుతుంది, అది కూడా కడిగి పెట్టుకోండి.

20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ నా మొదటి ఎంపిక. 100 డిగ్రీల దగ్గర 50 గ్రేడు ఆయిల్ చిక్కదనం 16.3 నుంచి 21.9 సెంటీస్టోకులు ఉంటుంది, 40 గ్రేడు 12.5 నుంచి 16.3. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఇంజన్‌కి ఆ తేడా ఐడిల్ ప్రెషర్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. డబ్ల్యూ ముందు అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెప్పేది, అది చల్లటి దేశాల బాధ. ఆదిలాబాద్ చలిలో కూడా 20డబ్ల్యూ హాయిగా కదులుతుంది.

15డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్, సీఐ-4 రకం, చాలా పెట్రోల్ బంకుల్లో దొరుకుతుంది. జింక్ బాగా ఉంటుంది, మురికిని కడిగే గుణం ఎక్కువ. కొలతలన్నీ సరిగ్గా కుదిరిన కొత్త ఇంజన్‌కి ఇది మంచి రెండో ఎంపిక. అరిగిన ఇంజన్‌కి కాస్త పల్చన. జాసో ఎంఏ (జపాన్ వాళ్ళ బైక్ ఆయిల్ ప్రమాణం) ముద్ర ఉన్న 20డబ్ల్యూ-50 బైక్ ఆయిల్ సంగతి చాలామందికి తెలియదు. ఆ ప్రమాణం ప్రకారం ఫాస్ఫరస్ 0.08 నుంచి 0.12 శాతం మధ్య ఉండాలి, అంటే కనీసం ఎంత ఉంటుందో డబ్బా మీదే హామీ ఉన్నట్టు. మంచి 20డబ్ల్యూ-50 కారు ఆయిల్ దొరకని ఊళ్ళో ఇది పోసుకోవచ్చు.

జింక్ సీసా కొని కలపడం నాకు ఇష్టం లేదు. ఎంత ఉన్న ఆయిల్‌కి ఎంత కలుపుతున్నామో తెలియదు, మోతాదు మించితే అదే రసాయనం లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. సరైన ఆయిల్ కొంటే సీసా అవసరమే రాదు.

కూలర్ వద్దు, గేజ్ కావాలి

మంచి రేడియేటర్, బాగా తిరిగే ఫ్యాన్ ఉన్న అంబాసిడర్‌కి ఆయిల్ కూలర్ అవసరం లేదు. రెండు పైపులు, నాలుగు జాయింట్లు అదనంగా వస్తాయి, ప్రతి జాయింటూ ఏదో ఒకరోజు కారేదే. ఘాట్ రోడ్ల మీద గంటల తరబడి ర్యాలీ నడిపేవాళ్ళు థర్మోస్టాట్ ఉన్న కూలర్ వేసుకోవచ్చు.

గేజ్ మాత్రం తప్పనిసరి. డాష్‌బోర్డ్ మీద ఎర్ర లైటు వెలిగేసరికి ప్రెషర్ దాదాపు అడుగంటి ఉంటుంది, అప్పటికే బేరింగు దెబ్బతింటుంది. ఎలక్ట్రిక్ గేజ్ బిగించడం తేలిక, కాకపోతే సెండర్ (ఇంజన్ దగ్గర ప్రెషర్‌ని కొలిచే భాగం) తప్పు చూపించడం మామూలే. రాగి గొట్టంతో ఆయిల్ నేరుగా వచ్చే మెకానికల్ గేజ్ నమ్మకమైనది. గొట్టం ఇంజన్ నుంచి బాడీకి వచ్చే చోట ఒక చుట్టు తిప్పి వదలండి, లేకపోతే ఇంజన్ ఊగుడుకి తెగుతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక రోడ్డు మీద 50 పిఎస్ఐ, ఐడిల్‌లో 15 చూపిస్తే బాగున్నట్టు. ప్రతి వెయ్యి ఆర్‌పిఎంకి 10 పిఎస్ఐ కంటే తగ్గితే ఆలోచించాలి.

మొదటిసారి స్టార్ట్ చేయడం

ఈ ఇంజన్‌లో పంపుకి విడిగా తన షాఫ్ట్ ఉంది, అది క్యామ్‌తో కలిసే తిరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ తీసి డ్రిల్ మెషిన్‌తో పంపు తిప్పే పద్ధతి దీనికి కుదరదు. మిగిలినవి రెండు. స్పార్క్ ప్లగ్గులు తీసి, గేజ్ ముల్లు కదిలేదాకా పదేసి సెకన్లు సెల్ఫ్ కొట్టడం ఒకటి. పాత క్యామ్, దాని పాత టాపెట్లు వరస మారకుండా వేసి ఉంటే ఇది చాలు. కొత్త క్యామ్ వేసి ఉంటే మాత్రం అంతసేపు సెల్ఫ్ కొడితే క్యామ్ మీద రాసిన అసెంబ్లీ పేస్టు తుడిచిపెట్టుకుపోతుంది. అప్పుడు మొక్కలకు మందు కొట్టే చేతి స్ప్రేయర్ కొత్తది ఒకటి కొని, అందులో గోరువెచ్చని ఆయిల్ పోసి గాలి కొట్టి, గేజ్ తగిలించే రంధ్రం గుండా గ్యాలరీలోకి ఎక్కించండి. ఓపికగా క్రాంక్‌ని చేత్తో తిప్పుతూ ఉంటే కాసేపటికి రాకర్ల దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తుంది. మా ఇంజన్‌కి రెండోసారి ఇలాగే చేశాం. ఎనిమిదో రాకర్ పక్కన మొదటి చుక్క ఉబికి మెల్లగా జారడం చూశాక నాన్నగారు లేచి వెళ్ళి టీ పెట్టించారు.

ఏ పద్ధతైనా, పంపు బిగించే ముందు దాని లోపల ఆయిల్ నింపండి, ఫిల్టర్‌లోనూ పోయండి. పొడి పంపు ఆయిల్‌ని లాగలేదు. అయినా ప్రెషర్ రాకపోతే, బ్లాకు నుంచి ఫిల్టర్‌కి వెళ్ళే బయటి పైపు ఉన్న బండ్లలో దాని నట్టు వదులు చేసి అక్కడి నుంచి ఆయిల్ పోయండి. గాలి వదిలి పంపు పట్టుకుంటుంది.

కొత్త క్యామ్ అయితే స్టార్ట్ అయిన వెంటనే ఐడిల్‌లో వదలకుండా, ఇరవై నిమిషాల పాటు 1500 నుంచి 2500 ఆర్‌పిఎం మధ్య మారుస్తూ నడపండి. ఐడిల్‌లో క్యామ్ మీదికి చిమ్మే ఆయిల్ చాలా తక్కువ. కొత్త క్యామ్ మీద పాత టాపెట్లు ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి.

మొదటి ఆయిల్ వంద కిలోమీటర్ల లోపే దించేయండి, రెండోది ఐదువందలకు. దించిన ప్రతిసారీ ఫిల్టర్ కాగితాన్ని కోసి, మడతలు విప్పి, ఎండలో పట్టుకుని చూడండి. మొదటిసారి సన్నటి మెరుపు పొడి కనిపించడం మామూలే, కొత్త రింగులు కుదురుకుంటున్నాయని అర్థం. వేలికి గుచ్చుకునే పలుకులు, రాగి రంగు రేకులు కనిపిస్తే బండి తీయకుండా చాంబర్ విప్పండి.